నారాయణప్ప ముడి

తెల్లావు చచ్చిపోయిన రోజున మునిలక్ష్మి తన మాట కూడా మింగేసింది.

అది పుంగనూరు జాతి ఆవు. నడుమెత్తు కూడా లేని కురచది. మూడో ఈతలో దూడ బాగానే పడింది గానీ, దూడ వెనకే గర్భసంచి మొత్తం బయటికి జారింది. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఆవుకు అలా జరిగినా ఆమె మొగుడు నారాయణప్పను పిలుచుకుపోయేవాళ్లు. ఆయన చెయ్యి పడితే నిలుస్తుందని పేరు. ఆ రోజు సొంత దొడ్లో, సొంత ఆవు దగ్గర ఆ చెయ్యి ఓడిపోయింది. చక్కెర చల్లి వాపు దింపాడు. అరచేత్తో లోపలికి తోశాడు. తాడు కట్టాడు. పొద్దుగూకేలోపల ఆవు కాళ్లు చాపేసింది. తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటూ, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "ఒగసారి జారింది మళ్లా జారక మానదు. బతికినా సంతకు తోలాల్సిందే."

చెంబుతో నీళ్లు పోస్తున్నది మునిలక్ష్మి. ఆమెకు నాలుగో కాన్పయి అప్పటికి నెల. మూడు రోజులు నొప్పులు తిని కన్న ఆ బిడ్డ దక్కలేదు. తొమ్మిదో రోజున గడ్డిమోపు తలకెత్తుకుంది. తెల్లావు ఈనడానికి ముందటి వారంలోనే, పేడకళ్లు ఎత్తుతూ వంగి లేచేసరికి తనలో నుంచి ఏదో కిందికి దిగినట్టయింది. చాటుకు పోయి తడిమి చూసుకుంటే కోడిగుడ్డంత మెత్తటి ముద్ద చేతికి తగిలింది. మొగుడితో చెప్పాలని వారంగా అనుకుంటున్నది. ఆ సాయంత్రం చెంబులో నీళ్లు అయిపోయేదాకా పోసి, ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది.

అది తొమ్మిదేళ్ల కిందటి సంగతి. ఇప్పుడు, తొంభై ఎనిమిది ఆషాఢంలో, ఆమె కుప్పం ఊరి చివర ఒక ధర్మాసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో, గోడవైపుకు తిరిగి పడుకుని ఉంది. తొమ్మిదేళ్లు దాచినదాన్ని మూడు రోజుల్లో ముగ్గురు చూసేశారు.

మొదట చూసింది చెల్లెలు సరళ. చెల్లెలికి జ్వరమని మొగుడికి అబద్ధం చెప్పి మునిలక్ష్మి కుప్పం వచ్చింది, నాలుగు రోజులు బరువులు ఎత్తకుండా ఉంటే తగ్గుతుందేమోనని. స్నానాల గదిలో లేవలేక కూలబడితే సరళ తడిక నెట్టుకుని లోపలికి వచ్చింది. అక్క చెప్పే సాకులేవీ వినకుండా ఆటో ఎక్కించింది. రెండోది డాక్టరు మాలతి. ఆమె ప్రతి బుధవారం పొద్దున బెంగుళూరు రైల్లో దిగుతుంది, గురువారం ఆపరేషన్లు చేస్తుంది, ఆ సాయంత్రం రైలుకే వెళ్లిపోతుంది. మునిలక్ష్మి చీర కాస్తే తొలగించనిచ్చింది, ఆ కాస్త చూసిన వెంటనే డాక్టరు రేపే చేద్దామన్నది, భర్త వచ్చి సంతకం పెట్టాలన్నది. సరళ పుంగనూరులో తెలిసినవాళ్ల ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి, బావను దొరికిన మొదటి బస్సుకు రమ్మని కబురు పెట్టింది.

మూడోది నర్సు. రేపటికి శుభ్రం చేయాలని చీర విప్పమంటే మునిలక్ష్మి విప్పనన్నది. విప్పక తప్పలేదు. నడుము చుట్టూ, అక్కడి నుంచి రెండు తొడల సందుల్లోకి, నూలుతాడు. ఒరిసి ఒరిసి తాడు దారి పొడుగునా చర్మం నల్లగా కాయ కట్టింది. కొన్నిచోట్ల పచ్చిగా ఉంది. నడుము దగ్గరి ముడి విప్పడం చేతకాక నర్సు తాడును పక్కన కత్తెరతో కోసి ఎనామిల్ ట్రేలో వేసింది. డాక్టరును పిలిచింది. ఇదెవరు కట్టారని డాక్టరు అడిగితే మునిలక్ష్మి నోరు తెరవలేదు. అంతలో సరళ పరుగున వచ్చి వార్డు గుమ్మంలో నిలబడి చెప్పింది, బావ బస్సు దిగినాడని.

---

ఆ మాట విన్నాక మునిలక్ష్మి మళ్లీ గోడవైపుకు తిరిగి పడుకుంది.

ఆమెకు భయాలు ఒకటి కాదు. కత్తి భయం ఉంది. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు చచ్చుపడతాయని ఎవరో అన్న మాట ఉంది. కానీ అన్నిటికంటే ముందు నిలబడింది వేరే భయం. డాక్టరు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పింది. జారిన సంచి మీద పుండు ఉందట, రెండు రూపాయల బిళ్లంత. అది ఎందువల్ల వచ్చిందో తేలకుండా కత్తి పెట్టదట. తాడు సంగతి, అక్కడ ఏమేమి పెట్టుకున్నదీ, అంతా దాచకుండా చెబితే ఇక్కడే చూస్తుందట. చెప్పకపోతే బెంగుళూరు పెద్దాసుపత్రికి రాసి పంపించేస్తుందట. పుండు అనేటప్పుడు డాక్టరు గొంతు తగ్గించింది. ఆ తగ్గించడంలోనే మునిలక్ష్మికి మిగతాది వినిపించింది.

చెబితే నారాయణప్పకు తెలిసిపోతుంది. ఊళ్ల మీద ఆవులన్నిటికీ వైద్యం చేసే మనిషి, తన ఇంట్లో, తన పక్కన పడుకునే మనిషికి అదే జబ్బని తొమ్మిదేళ్లు కనిపెట్టలేకపోయాడని పదిమందికీ తెలిసిపోతుంది. చెప్పకపోతే ఆ పుండు ఏమిటో తేలకుండానే తాను పోవచ్చు.

పక్క మంచం మీది కమలాక్షి పలమనేరు మనిషి. అక్కడి పాలకేంద్రం దగ్గర టీ అంగడి ఉంది ఆమెకు. ఆపరేషనై వారమైంది. పొద్దుటి నుంచీ మునిలక్ష్మిని నవ్వించాలని చూస్తున్నది. దగ్గితే తడిసేదట, తుమ్మితే తడిసేదట, అంగట్లో ఎవడైనా జోకు వేస్తే మొహం తిప్పుకుని లోపలికి పరుగెత్తేదట. "ఆరేండ్లుగా నేను గట్టిగా నవ్వలేదమ్మా. ఊరంతా నన్ను సిడుబుడు మొగంది అనుకుంటాండారు. ఇప్పుడు నవ్వుదామంటే కుట్లు తెగతాయని నర్సమ్మ తిడతాండాది" అన్నది.

మునిలక్ష్మి నవ్వలేదు. కమలాక్షి దుప్పటి సర్దుకుంటూ, మెల్లగా అన్నది, "పై పొట్ట కోయరు. నాక్కూడా కోయలేదు. కిందనే చేస్తారు. నొప్పి రెండో రోజు. అంతకు మించి నీకు అబద్ధం చెప్పలేను." ఆ చివరి మాటకు మునిలక్ష్మి మొదటిసారి ఆమె వైపు తిరిగింది.

అప్పుడే వరండాలో నారాయణప్ప దగ్గు వినిపించింది. పాతికేళ్లుగా ఆమెకు తెలిసిన దగ్గు. ఇంట్లోకి వచ్చేముందు, ఆడవాళ్లు ఉన్నచోటికి వచ్చేముందు, నేనొస్తున్నానని తెలియడానికి దగ్గే దగ్గు.

---

డాక్టరు ఇద్దర్నీ పరీక్షల గదిలోకి పిలిపించింది. సరళను బయటే ఉండమన్నది.

నారాయణప్ప చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. పుంగనూరులో కబురు అందగానే బస్సెక్కి, పలమనేరులో మారి, వి.కోట మీదుగా నిలబడే వచ్చినట్టున్నాడు, పంచె మోకాళ్ల దగ్గర నలిగిపోయి ఉంది. చేతిలో గుడ్డసంచి. సరళకు జ్వరమనే ఆయనకు తెలుసు. సరళ గుమ్మంలో దిట్టంగా నిలబడి కనిపించింది. భార్య వార్డులో మంచం మీద కనిపించింది. ఏమడగాలో తెలియక సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు.

మునిలక్ష్మి గోడ పక్క బల్ల మీద కూర్చుంది. డాక్టరు ఆయనను కూర్చోమనలేదు. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, మునిలక్ష్మికి గర్భసంచి పూర్తిగా కిందికి జారి ఉందని, మూత్రసంచి కూడా దానితోపాటు దిగిందని, ఇది ఇవాళ నిన్న జరిగింది కాదని చెప్పింది. చెబుతున్నంతసేపూ నారాయణప్ప డాక్టరును కాక నేలనే చూశాడు. ఆడమనిషి నోట ఆ మాటలు వినడానికి సిగ్గుపడుతున్నాడో, లేక లెక్కలేనన్నిసార్లు తానే చూసిన జబ్బును గుర్తుపడుతున్నాడో మునిలక్ష్మికి తెలియలేదు.

డాక్టరు ట్రేను బల్ల మీదికి జరిపి, మీది గుడ్డ తీసింది. "ఇది ఎవరు కట్టారు?"

నారాయణప్ప ముందుకు వంగాడు. చెయ్యి చాపి తాడు తీసుకున్నాడు. అది తాడని చూసి కాదు, ముడిని చూసి. రెండు మెలికలు, మధ్యలో ఒక కన్ను, ఆ కన్నులోంచి తిరిగి వెనక్కి వచ్చే కొస. ఆవు ముక్కినప్పుడు బిగుస్తుంది, పడుకున్నప్పుడు సడలుతుంది. వాళ్ల తాత కట్టేవాడు. ఆ తరవాత ఈయన. ఇంకెవరూ అలా వేయరు. బొటనవేలితో ఆ కన్నును నొక్కి, కొస పట్టి కొంచెం లాగి చూశాడు.

"ఈ ముడి నాదే" అన్నాడు.

డాక్టరు మొహం మారిపోయింది. ఆ మాటను ఆమె ఇంకోలా అర్థం చేసుకున్నదని మునిలక్ష్మికి వెంటనే తెలిసింది. నారాయణప్పకు తెలియలేదు. ఆయన ఇంకా ముడినే చూస్తున్నాడు.

"చదువు లేకపోవచ్చు. మనిషివి కదా" అన్నది డాక్టరు. ఆమె గొంతు పెరగలేదు, అది ఇంకా భయంగా ఉంది. "పెళ్లాన్ని పశువును కట్టినట్టు కట్టావా?"

ఆయన తలెత్తాడు. జవాబు చెప్పలేదు. భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అడగడం కూడా లేదు. తన ముడి తన ఇంట్లో, తనకు తెలియకుండా, ఎవరి మీద ఎన్నాళ్లుందో అప్పుడే లెక్క తడుముకుంటున్న మనిషి చూపు అది. ఆ మౌనం డాక్టరుకు ఒప్పుకోలులా కనిపించింది. నర్సును పిలిచి, కేస్‌షీట్ మీద తాడు గుర్తులు, పుండ్లు, అన్నీ రాయమన్నది. ఆఫీసు నుంచి స్టేషన్‌కు ఫోన్ చేయించమన్నది. పోలీసులు వచ్చి మాట్లాడేదాకా ఈయన ఇక్కడి నుంచి కదలకూడదన్నది.

నర్సు కలం తీసింది.

మునిలక్ష్మి బల్ల మీది నుంచి దిగింది. దిగిన ఊపుకు కడుపులోదంతా ఒక్కసారిగా కిందికి జారింది. కట్టు లేదు, తాడు లేదు. కాళ్ల వెంట వెచ్చగా తడి దిగింది, పాదాల చుట్టూ నేల మీద పరుచుకుంది. ఆమెకు తెలుస్తూనే ఉంది. తొమ్మిదేళ్లుగా ఏది జరగకూడదని, ఎవరి ముందు జరగకూడదని ఒళ్లంతా బిగబట్టుకుని బతికిందో అదే జరుగుతున్నది. ఆమె మాట ఆపలేదు.

"ఆయప్ప కట్టలేదమ్మా. నేను కట్టుకున్నా. ఆయప్పకు తెలీనే తెలీదు."

నర్సు కలం ఆగింది.

"ఆవులకు కట్టేది సూసి నేర్సుకున్నా. గుంజకు కట్టి సూసుకున్నా ముందు. అది నిలిస్తే నాకూ నిలుస్తాదనుకున్నా. పొద్దున లేస్తానే కట్టుకుంటా, రాత్రి ఆయప్ప నిద్రపోయినాక విప్పుతా. వాపు వచ్చినప్పుడు చక్కెర పెడతా. ఆవుకు పెట్టినట్టే. మంట పుడతాది, అయినా వాపు దిగుతాది. పసుపు పెట్టినా. వేపనూనె పెట్టినా. గుడ్డ ముద్ద చేసి లోపల పెట్టుకుని పైన తాడు బిగిస్తా. నీళ్ల బిందె ఎత్తాల గదా, పాలు పితకాల గదా." కొంచెం ఆగింది. "ఆయప్పను స్టేషన్‌కు పంపీకండి. ఆయప్ప ఎవురినీ కొట్టే మనిషి కాదు. ఆవును గూడా కొట్టడు."

నర్సు తనంతట తానే ఒక పాత దుప్పటి తెచ్చి మునిలక్ష్మి కాళ్ల దగ్గర నేల మీద వేసి, ఆమె భుజం పట్టి బల్ల మీద పడుకోబెట్టింది.

డాక్టరు నర్సు చేతిలోంచి కేస్‌షీట్ తీసుకుంది. అక్కడిదాకా రాసిన రెండు వరుసల మీద అడ్డంగా గీత గీసింది. తరవాత కుర్చీ చూపించి, "కూర్చోండి" అన్నది. ఇందాకటి నుంచి ఆయనను నువ్వంటున్న మనిషి మీరనడం ఇదే మొదటిసారి. తప్పుగా అనుకున్నానని కూడా అన్నది, ఆయన మొహంలోకి చూసి. నారాయణప్ప కూర్చోలేదు. తాడు ఇంకా చేతిలోనే ఉంది.

ఆ తరవాత డాక్టరు అడిగినవన్నీ మునిలక్ష్మి ఒక్కొక్కటిగా చెప్పింది. ఎన్నాళ్లుగా చక్కెర పెడుతున్నదీ, ఏ గుడ్డ పెట్టిందీ, దాన్ని ఎన్ని రోజులకు మార్చిందీ, మూత్రం రానప్పుడు వేళ్లతో పైకి తోసుకుని ఎలా పోసుకున్నదీ. నారాయణప్ప అక్కడే నిలబడి అంతా విన్నాడు. ఆడవాళ్ల విషయమని డాక్టరు ఆయనను బయటికి వెళ్లమనలేదు, ఆయనా వెళ్లలేదు.

డాక్టరు చివరికి విషయం ఇలా చెప్పింది. ఆడమనిషికి నడుము ఎముకల మధ్య, కింద, కండరాలు జోలె కట్టినట్టు ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పేగు అన్నీ ఆ జోలెలోనే నిలబడతాయి. కష్టమైన కాన్పులకు అది సాగిపోతుంది. పచ్చి ఒంటితో బరువులెత్తితే ఇంకా జారిపోతుంది. జారిన సంచిని కింది నుంచే తీసేసి, సాగిన జోలెను మళ్లీ బిగించి కుట్టాలి. ఆ పని తనకు వచ్చు, చాలామందికి చేసింది. కానీ రేపు చేయదు. ముందు పుండు మానాలి. తాడు రాపిడి వల్లా, చక్కెర పలుకుల వల్లా వచ్చిన పుండయితే, సంచిని లోపలికి పెట్టి మందు గాజుగుడ్డతో రోజూ కట్టు కడితే పది పన్నెండు రోజుల్లో మానుతుంది. అన్ని రోజులూ మంచం దిగకూడదు. ఇంకేదైనా అయితే, అని ఆమె ఆగింది. పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు తనతో బెంగుళూరు తీసుకుపోతుంది. ఫలితం వచ్చే బుధవారం తెస్తుంది.

"ఇంకేదైనా అయితే?" అని నారాయణప్ప అడిగాడు. గదిలోకి వచ్చాక డాక్టరును ఆయన అడిగింది ఆ ఒక్కటే.

"వచ్చే బుధవారం చెబుతాను" అన్నది డాక్టరు.

---

ముక్క తీసి, కట్టు కట్టి, మునిలక్ష్మిని మళ్లీ వార్డుకు చేర్చేసరికి మూడు దాటింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి కాళ్లవైపు ఎత్తు చేశారు. ఆమె తల వాలుగా ఉండి, పైకప్పు తప్ప ఏమీ కనిపించడం లేదు. సరళ అన్నం తేవడానికి ఇంటికి వెళ్లింది. కమలాక్షి కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు నటిస్తున్నది. ఆ మర్యాద మునిలక్ష్మికి అర్థమైంది.

నారాయణప్ప మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. గుడ్డసంచిలోంచి వేయించిన చెనక్కాయలు తీసి ఆమె దిండు పక్కన పెట్టాడు. సరళ బిడ్డలకని తెచ్చినవి. ఆయన మొహం ఆమెకు కనిపించడం లేదు, గొంతే వినిపించింది.

"నాకు యాల చెప్పలేదు?"

ఆమె దాచుకోదలుచుకోలేదు ఇంక. తెల్లావు పోయిన సాయంత్రం తొట్టి దగ్గర ఆయనన్న మాటను, ఉన్నదున్నట్టు, ఆయన గొంతుతోనే ఆయనకు చెప్పింది. ఒగసారి జారింది మళ్లా జారక మానదు. బతికినా సంతకు తోలాల్సిందే.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నాడని ఆమెకు ఊపిరిని బట్టి తెలిసింది.

"నేనన్నింటినా ఆ మాట?"

"అన్నింటివి."

"నాకు గెవనం లేదే." కాసేపటికి మళ్లీ అన్నాడు, "ఆవును గదా అనింది."

ఆవును అన్నాడని ఆమెకూ తెలుసు. తొమ్మిదేళ్లూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ మాట ఒంట్లోంచి పోలేదు. ఆయన చెయ్యి మంచం పట్టీ మీదికి వచ్చి, ఆమె మణికట్టు దగ్గర ఆగింది. పట్టుకోలేదు. ఆనించి ఉంచాడు.

నాలుగింటికి డాక్టరు రౌండ్సుకు వచ్చింది. కట్టు చూసింది, నాడి చూసింది, కమలాక్షితో రెండు మాటలు మాట్లాడింది. వెళ్లబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు నారాయణప్ప వైపు తిరిగింది. మీ వైపు ఆడవాళ్లు ఇంకెవరైనా ఇలా తాడు కట్టుకుంటారా, మీరెప్పుడైనా విన్నారా అని అడిగింది. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ల సంగతి తనకేమి తెలుస్తుంది, ఆ కట్టు ఆవులకే, నేర్చుకోను వచ్చినవాళ్లకు గూడా ఆవులకనే నేర్పినాను అన్నాడు.

డాక్టరు అప్పటికే ఒక అడుగు వేసింది. ఆగింది. "నేర్చుకోవడానికి ఎవరు వచ్చారు?"

"ఎవురో ఒగరు వస్తాంటారమ్మా. వైద్యం తెలిసినోడు ఊర్లో లేనప్పుడు అక్కరకొస్తాదని."

"మగవాళ్లా?"

నారాయణప్ప నోరు తెరిచాడు. మూశాడు.

మునిలక్ష్మి పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. ఆయన ఏమంటాడోనని ఎదురుచూసింది. ఆయన చెయ్యి మంచం పట్టీ మీది నుంచి తీసేశాడు. అప్పుడు ఆయన గొంతు వచ్చింది. డాక్టరుకు చెబుతున్నట్టు లేదు.

"గోవిందమ్మ వచ్చింది. మూడేండ్లయింది. పైన పల్లె నుంచి. దినామూ వచ్చేది, నాలుగు దినాలు. ముడి పడేదాకా పోనని కూర్చునింది."

ఆగాడు.

"గోవిందమ్మ ఇంట్లో ఆవు లేదు."

కమలాక్షి కళ్లు తెరిచింది.

ఆయన చెప్పుకుపోయాడు. శ్యామలమ్మ వచ్చింది. ఆమెకు ఒక పాడి ఎనుము ఉండేది, అది అంతకు ముందేడే అమ్మేసింది. ఎందుకమ్మా నీకు అని అడిగితే, చెల్లెలి ఆవుకు అన్నది. వడ్డిపల్లె నుంచి ఒక ముసలామె, పేరు తెలియదు, కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ కోడలు తలెత్తలేదు. ముడి నేర్చుకున్నది మాత్రం కోడలే. తాను వాళ్లందరినీ గుంజ దగ్గర కూర్చోబెట్టి, జనపనార తాడుతో, ఒకటికి పదిసార్లు కట్టించి విప్పించాడు. చక్కెర ఎంత పెట్టాలో చెప్పాడు. గట్టిగా బిగించాలని చెప్పాడు. మునిలక్ష్మికి ఆ మధ్యాహ్నాలు గుర్తున్నాయి. వాళ్లకు మజ్జిగ ఇచ్చింది తనే. ఎవరి మొహంలోకీ తాను చూడలేదు, వాళ్లూ తన మొహంలోకి చూడలేదు. తన చీర కుచ్చిళ్ల కింద అదే ముడి ఉంది.

తనకు అప్పుడే తెలిసిందా? తెలిసి కూడా మజ్జిగ ఇచ్చి ఊరుకుందా? పైకప్పు మీద మునిలక్ష్మి చూపు ఒకచోట నిలవలేదు.

డాక్టరు కాగితం తీసి పేర్లు రాసుకుంటున్నది. ఇంకో ఇద్దర్ని చెప్పి, అయిదో పేరు దగ్గర నారాయణప్ప ఆగిపోయాడు. ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. అప్పుడు మునిలక్ష్మికి ఆయన మొహం కనిపించింది. తెల్లావు పోయిననాడు కూడా ఆ మొహం అలా లేదు.

"మునీ" అన్నాడు. పది మంది ముందు ఆయన ఆమెను పేరుపెట్టి పిలవడు. "ఉగాదికి నవనీత వచ్చినప్పుడు..."

నవనీత వాళ్ల పెద్దబిడ్డ. మదనపల్లెలో టమోటా మండీ వెనక వీధిలో, మిద్దె మీద ఒంటిగది కాపురం. మొగుడు రాజేంద్ర మండీలో హమాలీ. రెండో కాన్పు సంక్రాంతికి ముందు, నెల తిరక్కముందే టమోటాలు ఏరను, బుట్టలు మోయను పోయింది. ఉగాదికి పిల్లలతో వచ్చి రెండు రోజులుండిపోయింది.

"నాయనా, ఆ ముడి నాకూ నేర్పించు అనింది" అన్నాడు నారాయణప్ప. "నేర్పిస్తి. నా బిడ్డకు నా పని మింద ఇష్టం పుట్టిందని సంతోషపడితి. ఇంట్లో వాళ్లకు కోడిపిల్ల గూడా లేదే. ఆ మాట నాకు తోచలేదే."

మునిలక్ష్మి లేవబోయింది. కాళ్లవైపు ఎత్తుగా ఉన్న మంచం ఆమెను వెనక్కి లాగింది. నర్సు వచ్చి రెండు భుజాలూ పట్టి పడుకోబెట్టింది, కట్టు జారితే పుండు మళ్లీ మొదటికొస్తుందని. మండీ పక్క అంగట్లో ఫోన్ ఉందని, నంబరు సరళ దగ్గర ఉందని మునిలక్ష్మి చెప్పింది. చెబుతూనే ఆ ఫోన్ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అంగడి నిండా మగవాళ్లు. పక్కనే లారీ. నవనీత మెట్లు దిగి వచ్చి, ఆ గోలలో, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడాలి.

నారాయణప్ప సంచి భుజానికి తగిలించుకున్నాడు. మదనపల్లెకు ఎన్ని బస్సులు మారాలో, ఏ వేళకు చేరతాడో నర్సును అడిగాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు.

"నేను తండ్రిని. ఏమని అడగాల?" అన్నాడు.

పది పన్నెండు రోజులు మునిలక్ష్మి మంచం దిగకూడదు. ముక్క పరీక్ష ఫలితం వచ్చే బుధవారం దాకా రాదు. ఆపరేషన్‌కు తేదీ వేయలేదు. డాక్టరు కాగితం మీద అయిదు పేర్లు ఉన్నాయి, ఆరోది రాయడానికి ఆమె కలం పట్టుకుని ఆగింది.

నవనీతను ఇంకా ఎవరూ అడగలేదు.